ఉమ్మడి ముఖం

మృగశిర కార్తె, ఎండ కాసిన మొదటి రోజు

భ్రమరాంబ గారు ఇవాళ తన వీడియో డిస్కుల సంచి భాండారానికి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పాత బియ్యం సంచి, మూతికి చీర అంచుతో ముడి. లోపల గృహప్రవేశం, సీమంతం, ఎవరిదో షష్టిపూర్తి. అన్నిటికన్నా అడుగున, మెత్తటి తువ్వాలులో చుట్టి, ఆవిడ కూతురు సువర్చల పెళ్ళి. నదిలో లంక మునిగినప్పుడు ఇంట్లోంచి ఆవిడ చేతికి చిక్కింది ఈ సంచి ఒక్కటేనట. కూతురు చిక్కలేదు.

అన్నీ పట్టేలా చేసి ఇవ్వమన్నారు. ఫైళ్ళు దాచే చోట ఇంటికి ఒక్క మెమరీ బిళ్ళే ఇస్తారనీ, అది గోరంత ఉంటుందనీ, సంచెడు డిస్కులు అందులోకి వెళ్ళాలంటే బాగా కుదించాలనీ చెప్పాను. తల ఊపారు గాని నమ్మినట్టు లేరు. వెళ్తూ వెళ్తూ సంచి మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళారు.

డిస్కును నడిమి నుంచి అంచుకు తుడవాలి. చుట్టూ తిప్పి తుడిస్తే గీతలు పడి యంత్రం చదవదు. లంకల నుంచి వచ్చిన వాటికి ఒండ్రు పట్టి ఉంటుంది, కుంకుడు నీళ్ళలో నానబెడితే వదులుతుంది. ఆరాక చదివించాలి, వీడియోను చిన్న ఫైలుగా చెయ్యాలి, ఫైళ్ళన్నీ దాచే గుట్ట మీది చల్లగదికి పంపాలి. ఎండ ఉన్నంతసేపే కరెంటు, కరెంటు ఉన్నంతసేపే పని.

చేసిన పని యంత్రంలో నమోదు అవుతూనే ఉంటుంది. ఇది నా సొంత రాత. మా ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషిని కాబట్టి అక్కర్లేనివి కూడా రాస్తానని మా సూపర్‌వైజర్ పరంజ్యోతి గారు ఎగతాళి చేస్తారు.

మృగశిర, ఆ తర్వాతి ఎండ రోజు

సువర్చల పెళ్ళి చదివించాను. ఊరేగింపు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

పెళ్ళివాళ్ళ కారుకు రెండు పక్కలా లైట్లు మోసే ఆడవాళ్ళు నడుస్తున్నారు. తల మీద చుట్టకుదురు, దాని మీద ట్యూబులైట్ల చట్రం, ఒకరి లైటు నుంచి ఇంకొకరి లైటుకు వైరు, అందరి వెనకాల బండి మీద జనరేటరు. అందరూ నేల చూపులు చూస్తూ నడుస్తున్నారు. ఒక్క ముఖమూ కనబడదు. ఉన్నట్టుండి లైట్లు ఆరిపోయాయి. మళ్ళీ వెలిగేసరికి వరసలో ఒక పిల్ల చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, మెడ వెనక్కి తిప్పి, నోరంతా తెరిచి ఎవరినో తిడుతోంది.

మా అమ్మ.

మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు చూపించాను. అమ్మ కుర్చీలో కూర్చోదు, వేలితో తెరను తాకబోయి చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది.

"నేనేనే ఇది. ఎంత సన్నంగా ఉన్నానో చూడు. నోరు మాత్రం అప్పుడూ ఇంతే."

ఎవరిని తిడుతున్నావని అడిగాను. జనరేటరు పోశయ్యనట. డీజిలు చూసుకోకుండా బండి వెనకాల కునుకు తీసేవాడట. పెళ్ళికూతురు గుర్తుందా అంటే నవ్వింది.

"తల మీద లైటు, కాళ్ళ కింద వైరు. నేను అడుగు తప్పితే నా వెనకాల వరసంతా పడేది. ఇంకొకళ్ళ ముఖం చూసే తీరిక ఎక్కడేడిసింది?"

అమ్మ వెళ్ళాక చీటీ గడువు లెక్కేసుకున్నాను. అమ్మ నా గదిలో తాత్కాలిక చీటీ మీద ఉంటోంది. భాండారంలో పనిచేసే మనిషికి గుట్ట పై వరుసలో గది ఇస్తారు గాని ఆ మనిషి తల్లికి ఇవ్వరు. మఖ కార్తె వచ్చేలోగా తను లంక మనిషినేనని రుజువు చూపకపోతే కట్ట దిగువ శిబిరానికి వెళ్ళాలి. నిరుడు వానలకు ముందు దిగువకు వెళ్ళినవాళ్ళలో మాకు తెలిసినవాళ్ళు ఎవరూ మళ్ళీ కనబడలేదు.

రుజువు అంటే ముఖం. కాగితాలు నీళ్ళలో పోయాయి, వాటి వెంట దొంగ కాగితాలు వచ్చాయి. అప్పటి నుంచి అధికారులు ఒక్కటే నమ్ముతారు. లంకలో తీసిన ఏ వీడియోలోనైనా మన ముఖం ఉంటే మనం లంకవాళ్ళమే. మా ఇంట్లో ఎప్పుడూ కెమెరా లేదు. ఎవరి పెళ్ళిలోనూ మావాళ్ళను స్టేజీ ఎక్కి నిలబడమనలేదు. అమ్మకు రుజువు లేదనే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడుంది. రెప్ప వేసినంత సేపే ఉంది గాని, ఉంది.

ఆరుద్ర కార్తె

చల్లగదిలో చోటు తగ్గిందని పైనుంచి ఆదేశం వచ్చింది. ఇకపై ఒక్కో ఫైలులో కొందరికే సొంత ముఖం. మిగతా అందరికీ యంత్రం ఉమ్మడి ముఖం సర్దుతుంది. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. ఇంతవరకు కుదించిన ముఖాలన్నిటినీ కలిపి అది తయారుచేసుకున్న ముఖం అది. ముఖాలన్నీ ఒక్కటైతే ఫైలు ఇట్టే చిన్నదవుతుంది. ఎవరికి సొంత ముఖం ఉంచాలో యంత్రమే ఎంచుతుంది. కెమెరా వైపు ఎక్కువసేపు చూసినవాళ్ళకు ఉంచుతుంది.

సువర్చల పెళ్ళి మీద ప్రయత్నించి చూశాను. స్టేజీ మీదివాళ్ళంతా చక్కగా ఉన్నారు. వంటవాళ్ళంతా ఒకే మనిషి. సన్నాయి ఊదేవాడూ డోలు వాయించేవాడూ ఒకే మనిషి. లైట్లు మోసే ఆడవాళ్ళంతా ఒకే ఆడమనిషి. జనరేటరు ఆగి మళ్ళీ వెలిగినప్పుడు వరసలో ఒక పిల్ల వెనక్కి తిరిగింది. ప్రశాంతంగా, పెదవులు విచ్చి, చిరునవ్వు నవ్వుతోంది. తిట్టు లేదు. అమ్మ లేదు.

పరంజ్యోతి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

"డిస్కునే చూపిస్తే ఒప్పుకోరా సార్?"

"డిస్కు ఎక్కడుంటుందమ్మా? ఫైలు అవగానే పొడి చేసే మరకి వెళ్తుంది. ఆ ప్లాస్టిక్కుతోనే కదా కట్ట దిగువ కప్పులకి రేకులు పోస్తున్నారు. వానలొచ్చేలోగా కావాలని రోజూ కబురు."

ఎంచుకునే పని నా చేత్తో చెయ్యొచ్చా అని అడిగాను. చెయ్యొచ్చన్నారు. ఒకరిని చేర్చాలంటే ఇంకొకరిని ఉమ్మడిలోకి తొయ్యాలన్నారు. ఆ ఫైలులో సొంత ముఖం ఉన్నవాళ్ళ పేర్లు నాతో పాటు చూశారు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, అతని తమ్ముడు, భ్రమరాంబ గారు, ఆవిడ మరుదులు, పురోహితుడి కొడుకు. దాదాపు అందరూ బతికే ఉన్నారు. వాళ్ళంతా ఈ పెళ్ళి మీదే అర్జీ పెట్టుకున్నారు.

"బతికున్నవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు, గొడవలవుతాయి" అన్నారు. ఆ జాబితాలో బతికి లేనిది ఒక్క పెళ్ళికూతురే.

ఆరుద్ర, ముసురు

ఎండ లేదు, పని లేదు. భ్రమరాంబ గారి గదికి వెళ్ళాను. అడుగుదామనే వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి, మామ్మగారూ, మా అమ్మ ఇలా ఉంది అని చెప్పి, ఆవిడ ఏమంటే అది చేద్దామని.

ఆవిడ చింతపండులో పీచు తీస్తూ కూర్చున్నారు. నన్ను చూసి, పిల్ల ఫైలు అయిపోయిందా అన్నారు. ఇంకా లేదన్నాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. సువర్చల గురించి చెప్పడం మొదలుపెట్టారు. పై పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేదట. అది కనబడుతుందని పెదాలు బిగించుకుని నవ్వేదట. ఫోటోవాడు నవ్వమ్మా నవ్వమ్మా అని బతిమాలితే ముఖం ఇంకా బిగుసుకుపోయేదట.

"నేను చచ్చిపోతే ఎవరికీ దాని ముఖం తెలీదు. అందుకే నీ దగ్గరికి తెచ్చాను. మిగతావాళ్ళు ఎలా ఉన్నా ఫరవాలేదు అమ్మాయీ. నన్ను తీసేసినా ఫరవాలేదు. దాన్ని మాత్రం చెడగొట్టకు."

మీకూ ఈ గది ఆ పెళ్ళి వల్లే ఉంటుంది, మిమ్మల్ని తీసేస్తే మీరు దిగువకు వెళ్ళాలి అని చెప్పలేకపోయాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

పునర్వసు కార్తె

నది కట్ట అంచు దాకా వచ్చింది. భాండారం కిటికీలోంచి చూస్తే దిగువ శిబిరం కప్పులు నీళ్ళ మట్టంకన్నా కిందికి కనబడుతున్నాయి. మధ్యలో కట్ట ఒక్కటే.

తాత్కాలిక చీటీలవాళ్ళు సామాను సర్దుకోవాలని మైకులో చెప్పారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గిన్నెలు మూట కడుతోంది. నీ పిచ్చి గాని ఆ గదిలో నువ్వొక్కదానివి ఎలా వండుకుంటావే, పప్పు మాడబెట్టకుండా దించడం నేర్చుకో అని నవ్వుతోంది. మూట ముడి మూడుసార్లు విప్పి కట్టింది. ముడి వెయ్యడం మా అమ్మకు కొత్త కాదు.

ఇవాళ ఎండ కాసింది. నేను పని చేశాను.

పెళ్ళికూతురి పేరు పక్కన ఉన్న గుర్తు తీసేశాను. ఊరేగింపులో వెనక్కి తిరిగిన పిల్ల మీద పెట్టాను. యంత్రం ఒక్కసారే అడిగింది, మార్చమంటారా అని. మార్చమన్నాను. ఫైలు తయారయ్యేలోగా స్టేజీ మీద సువర్చల ముఖం అంచుల నుంచి మెత్తబడుతూ వచ్చింది. బిగించిన పెదాలు విడిపోయాయి. తలంబ్రాలు పోసుకుంటూ, అప్పగింతల్లో తండ్రి చేతులు పట్టుకుని, అంతటా ఒకేలా నవ్వింది.

డిస్కు మరకు ఇచ్చాను. పళ్ళ మధ్య పడ్డప్పుడు ఒక్క చప్పుడు, ఆ తర్వాత పొడి జారే చప్పుడు.

అమ్మకు చెప్పాను. ఎవరి చోటు తీశావని అడిగింది. చెప్పాను.

"పిల్ల తల్లిని అడగాల్సింది అమ్మాయ్. ఇచ్చేదేమో" అంది. మూట ముడి విప్పుతూ, "లేనావిడకి ఇల్లెందుకులే" అని లేచి గిన్నెలు ఒక్కొక్కటిగా బయటికి తీసి గూట్లో పెట్టింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పుష్యమి కార్తె

అమ్మ అర్జీ విచారణకు వచ్చింది. అధికారి ఫైలు నడిపి, ఊరేగింపు దగ్గర ఆపి, తెర మీది పిల్లను చూసి, అమ్మను చూసి, పోలిక సరిగా తెలియడం లేదన్నాడు. నోరు అలాగే తెరవమన్నాడు.

"ఊరికే తెరిస్తే రాదండి. తిట్టాలండి."

"తిట్టండి."

అమ్మ తిట్టింది. పోశయ్యను, అతని జనరేటరును, అతని పెద్దవాళ్ళను. గదిలో గుమాస్తాలు నవ్వారు. అధికారి కూడా నవ్వి ముద్ర వేశాడు. అమ్మకు పై వరుసలో శాశ్వత చోటు. ముద్ర మీద సిరా ఆరకముందే ఆయన ఇంకో మాట చెప్పాడు, అందరికీ చెప్పేదే. ఫైలులో ముఖాలు తారుమారయ్యాయని ఎవరైనా ఫిర్యాదు చేసి అది రుజువైతే, ఆ ఫైలు మీద ఇచ్చిన ముద్రలన్నీ రద్దు.

అదే రోజు, వచ్చినవాళ్ళకు ఫైళ్ళు చూపించే చూపుల గదిలో భ్రమరాంబ గారికి ఫైలు చూపించాను. ఆవిడ వెనకాల నిలబడ్డాను, నా ముఖం కనబడకుండా ఉంటుందని. స్టేజీ వచ్చింది. సువర్చల అని చెప్పాల్సిన మనిషి వచ్చి కూర్చుంది. భ్రమరాంబ గారు ముందుకు వంగారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంత నోరారా నవ్విందా ఆ రోజు?" అన్నారు.

నేను సన్నాయి చప్పుడు కాస్త తగ్గించాను.

"నేనే చూసుండను. పెళ్ళి పనుల్లో పిల్ల వైపు చూసిందెక్కడ? పళ్ళు కూడా ఎంత ముచ్చటగా ఉన్నాయో. ఊరికే బాధపడేది పిచ్చిది."

కళ్ళు ఒత్తుకున్నారు. నా చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకున్నారు. ఇంకోసారి నడపమన్నారు. నడిపాను.

ఆశ్లేష కార్తె

పరంజ్యోతి గారు నన్ను పిలిచి మెచ్చుకున్నారు. పెళ్ళికూతురినే ఉమ్మడిలోకి పంపినా సొంతదారు నుంచి ఫిర్యాదు రాలేదని, పైగా ఆవిడ రోజూ వచ్చి చూసుకుంటున్నారని పైవాళ్ళకు రాశారట. పైవాళ్ళకు నచ్చింది. ఇవాళ్టి నుంచి అదే నియమం. చనిపోయినవాళ్ళెవరికీ సొంత ముఖం లేదు. అర్జీలు ఉన్నవాళ్ళకే ముఖాలు.

"నీ వల్ల ఎంతమందికి చోటు దొరుకుతుందో తెలుసా?" అన్నారు. నిజంగానే దొరుకుతుంది. ఆయన అబద్ధం చెప్పలేదు.

ఒక్కో డిస్కు ఎక్కించగానే యంత్రం ఒక్కో ముఖం చూపించి అడుగుతుంది, ఉన్నారా లేరా అని. జాబితా చూసి చెప్పాలి. లేరు అంటే ఆ ముఖం మెత్తబడుతుంది. అమ్మమ్మలు, తాతలు, పసిపిల్లలు. ఉయ్యాల్లో వేసిన బిడ్డ ఒకటి చిరునవ్వు నవ్వుతూ పడుకుంది.

సువర్చల అసలు ముఖాన్ని గుర్తు చేసుకుందామని చూశాను. ఆ డిస్కు నేను రెండుసార్లు చూశాను. నుదురు వెడల్పా, సన్నమా? కళ్ళు మూసుకుంటే వచ్చి నిలబడేది ఉమ్మడి ముఖమే. బతిమాలినా పక్కకు తప్పుకోదు. ఆ ముఖం కూడా మారుతోందని నాకు అనుమానం. ప్రతి ఫైలు తర్వాతా ఇంకాస్త దయగా కనబడుతోంది.

చూపుల గదికి జనం పెరిగారు. తెర ముందు కూర్చుని ఏడ్చి, తేలికపడి వెళ్తున్నారు. ఒక్కరు కూడా, ఒక్కరంటే ఒక్కరు కూడా, ఇది మావాళ్ళు కాదు అనలేదు. ఎవరైనా అంటారేమోనని మొదట భయపడ్డాను. ఇప్పుడు ఎవరూ అనకపోవడం చూస్తే భయమేస్తోంది.

మఖ కార్తె

కట్ట తెగింది.

నిన్నటి నుంచి కిటికీలోంచి శిబిరం కప్పులు కనబడటం లేదు. కొత్త రేకులు కొన్ని నీళ్ళ మీద తేలుతున్నాయి. ఎండ పడినప్పుడు డిస్కులు మెరిసినట్టే మెరుస్తున్నాయి. దిగువ వాళ్ళలో చాలామంది అర్జీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, వాళ్ళ ముఖాలున్న డిస్కులు కుంకుడు నీళ్ళలో నానుతున్నాయి. ఉన్నారా లేరా అని యంత్రం అడిగితే ఏం చెప్పమంటారని పరంజ్యోతి గారిని అడిగాను.

"కబురు లేనివాళ్ళని లేరనే కొట్టు. చోటు మిగులుతుంది."

"తర్వాత ఎవరైనా ఈదుకుంటూ వస్తే సార్?"

"రుజువు ఉంటే రానిస్తారు" అన్నారు. అన్నాక, ఆ మాట తనకే వినబడినట్టు, బయటికి వెళ్ళిపోయారు.

ఉదయమంతా లేరు, లేరు అని కొట్టాను. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను. అమ్మ తలుపు దగ్గర కూర్చుని నీళ్ళ వైపు చూస్తోంది. తనతో పాటు సామాను సర్దుకున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే అంటోంది. నన్ను చూసి ఆపేసింది. అన్నం పెట్టింది.

తిరిగి వచ్చేసరికి చూపుల గదిలోంచి భ్రమరాంబ గారు పిలిచారు. పక్క తెర ముందు ఇంకొకావిడ కూర్చుని ఉంది, వేరే లంక మనిషి, పేరు ఆదిలక్ష్మి. ఆవిడ తెర మీదా పెళ్ళే నడుస్తోంది. భ్రమరాంబ గారు ఆ తెర వైపూ తన తెర వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు.

"అమ్మాయీ" అన్నారు, గొంతు బాగా తగ్గించి, నాకు ఒక్కదానికే వినబడేలా. "మా సువర్చలకి ఇంకో పెళ్ళి జరిగిందా?"

ఫిర్యాదు అంటే ఇదే. ఇంతకన్నా పెద్ద మాటలు అక్కర్లేదు. నేను నిజం చెబితే ఆవిడ కూతురు ఆవిడకు తిరిగి రాదు, డిస్కు పొడి అయిపోయింది. ముద్రలు మాత్రం పోతాయి. ఆవిడదీ పోతుంది, అమ్మదీ పోతుంది. వెళ్ళమనడానికి ఇప్పుడు దిగువ శిబిరం కూడా లేదు, నీళ్ళే ఉన్నాయి. కానీ ఆవిడ అడిగింది నన్ను. ఈ గుట్ట మీద అడగడానికి ఇంకెవరూ లేరు.

"లేదు మామ్మగారూ. ఆవిడ మీ అమ్మాయి కాదు" అన్నాను.

అది నిజం. అంతవరకే చెప్పాను. రెండో సగం నోట్లోనే ఉండిపోయింది.

భ్రమరాంబ గారి భుజాలు దిగాయి. గట్టిగా ఊపిరి వదిలారు. "అదే అనుకున్నాను. నా పిల్ల నాకు తెలీదా?" అని తన తెర వైపు తిరిగారు. స్టేజీ మీద ఆ ముఖం నవ్వుతోంది. తేలికపడి, ఆదిలక్ష్మితో మాట కలిపారు. మీ అమ్మాయి కూడా లక్షణంగా ఉందండి అన్నారు. ఆవిడ సంతోషించి, అందరూ నా పోలికే అనేవారండి అంది. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకుని, ఒకరి తెర ఒకరికి చూపించుకున్నారు. కళ్ళు మా అమ్మాయివి కాస్త పెద్దవి అని ఒకరు, నవ్వు మా అమ్మాయిది కాస్త మెత్తన అని ఇంకొకరు.

"నువ్వు చెప్పు అమ్మాయీ, రోజూ చూసేదానివి" అన్నారు భ్రమరాంబ గారు. "ఇద్దరిలో ఎవరు బాగున్నారు?"

రెండు తెరల మీదా ఆ ముఖం నా వైపే చూస్తోంది.

"మీ అమ్మాయేనండి" అన్నాను.

ఆదిలక్ష్మి చిన్నబుచ్చుకుంది. తల దించుకుని, తెర మీద తన కూతురి చెంపను కొంగుతో తుడిచింది, ఏదో మరక ఉన్నట్టు.